ఇంటిచదువు – ప్రయోగశాల

2024వ సంవత్సరము కార్తికమాసములో నొకనాటి సాయంకాలము మా యమ్మాయి యొక క్రొత్త రికార్డు పుస్తకమును మా యెదుట బెట్టి, "అమ్మా, దీనిలోని యంకె లెవరివి?" అని యడిగెను. పుస్తకము చూడముచ్చటగా నున్నది. అక్షరములు ముత్యాలకోవలు. పటములు పెన్సిలుతో నందముగా గీయబడినవి. పట్టికలలో నొక్క కొట్టివేత యైనను లేదు. భౌతికశాస్త్ర ప్రయోగములన్నియు నందు పూర్తియై యున్నవి. కాని వానిలో నొక్కదానినైనను మా యమ్మాయి ఆ పుస్తకములో వ్రాసినట్లు చేసియుండలేదు. ఆమె ప్రశ్నకు మేమప్పుడు బదులు చెప్పలేకపోతిమి. బిడ్డలను ఇంటివద్ద చదివించుకొనువారును, చదివింపదలచువారును మన చదువరులలో గొందఱైన నుందురు. ఆ ప్రశ్న మమ్ము నెచ్చటికి దీసికొనిపోయినదో వారికి జెప్పుట యుపయోగకరమని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా నివాసము హైదరాబాదునకు నుత్తరముగా, మేడ్చలునకును శామీర్‌పేటకును నడుమనున్న యొక గ్రామము. ఒకప్రక్క నాగపూరునకు బోవు జాతీయరహదారి; వేఱొకప్రక్క కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారి. ఈ రెండు దారుల నడుమ ద్రాక్షతోట లొక్కొక్కటిగా నిండ్లస్థలములగుట మేము కన్నులార జూచితిమి. 2020 మార్చిలో బడులు మూతపడిననాటికి మా యమ్మాయి యేడవ తరగతి. ఇంటివద్ద తన యిష్టము వచ్చినంతసేపు ఒక విషయమునే పట్టుకొని చదువుటకు ఆమె యలవాటుపడెను. బడులు తెరచిన పిమ్మట మరల బోనన్నది. మేమును బలవంతము చేయలేదు. 2009 నాటి నిర్బంధవిద్యా చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకుగల బాలబాలికల బడిచదువును గూర్చి విస్తారముగా జెప్పినదే కాని ఇంటిచదువు పేరెత్తలేదు. చట్టము పేరెత్తకున్నను చుట్టములు పేరెత్తక మానరు గదా! "ఆడపిల్లను ఇంట గూర్చుండబెట్టి దాని బ్రతుకు పాడుచేయుచున్నారు" అని మా పెద్దయాడుబిడ్డ పండుగ పండుగకును హెచ్చరించుచు వచ్చెను. 2023లో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి పదవతరగతి పరీక్షలో మా యమ్మాయి మంచి మార్కులతో నుత్తీర్ణురాలగుటతో ఆమె నోరు కొంత మూతపడినది.

అంతవఱకును పుస్తకము, పలక, దీపము చాలినవి. కాని బాలిక జీవశాస్త్రము చదివెదననెను. అచ్చటనే మా కష్టములు మొదలయ్యెను.

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డువారు కళాశాలకు బోకుండ హాజరు మినహాయింపుతో పరీక్ష వ్రాయుట కనుమతి నిచ్చుచున్నారు. కాని యా యనుమతి ప్రయోగపరీక్షలు లేని ఆర్ట్సు విషయములకు మాత్రమే. చరిత్ర చదువవచ్చును, పౌరశాస్త్రము చదువవచ్చును, అర్థశాస్త్రము చదువవచ్చును. రసాయనశాస్త్రము కావలెనన్న కళాశాల గడప ద్రొక్కవలసినదే. ఈ నిబంధనలో న్యాయమున్నది. ప్రయోగము చేయనివానికి శాస్త్రజ్ఞుడని పట్టమిచ్చుట తగదు. కాని దాని బరువెవరి మీద బడుచున్నదో ఆలోచింపుడు. నగరములో గదులు తీసికొని చదువగల బాలురమీద గాదు. తల్లికి జబ్బుచేసి ఇల్లు కదలలేని బాలికమీద, ఊరినుండి కళాశాలకు బస్సులేని బాలికమీద, "ప్రాక్టికల్సు ముగిసి వచ్చుసరికి చీకటి పడును, నీకేల ఆ చదువు?" అని యింటివారిచే నార్ట్సులో చేర్పింపబడిన బాలికమీద బడుచున్నది. మా బంధువర్గములోనే యిట్లు శాస్త్రమునకు దూరమైన ముగ్గురు బాలికలను మే మెఱుగుదుము. వారిలో నెవరికిని బుద్ధి తక్కువ గాదు. వారికి లేనిది ప్రయోగశాల.

భండారు అచ్చమాంబగారు (1874–1905) బడిముఖ మెఱుగరు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయనతోబాటు తామును నేర్చుకొని, తుదకు స్త్రీల చరిత్రములను వ్రాసి తెలుగువారి కర్పించిరి. ఆ తమ్ముడే తరువాత 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో నొకడై చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగులోనికి దెచ్చుటకు గడంగెను. ఒక యింటి దీపము క్రింద నిద్దఱు చదువుకొనవచ్చును; సాహిత్యమునకు అంత చాలును. కాని బ్యూరెట్టు నిద్దఱు పంచుకొనుటకు ముందు అది యింటిలో నుండవలెను గదా! అచ్చమాంబగారు రసాయనశాస్త్రము నేర్వ గోరియున్నచో నా దీపము చాలియుండునా? ఇది మమ్ము తఱచు బాధించిన ప్రశ్న.

ఇక నింటిచదువువారికి మిగిలిన ప్రధానమార్గము జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. 1989లో నేర్పడిన యీ సంస్థ ఇంటర్మీడియటుతో సమానమైన పరీక్షలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదువుట కనుమతించును. ఒక్కొక్క విషయమునకు నూఱు మార్కులలో 80 వ్రాతపరీక్షకు, 20 ప్రయోగపరీక్షకు. రెండింటను వేర్వేఱుగా గట్టెక్కవలెను. వ్రాతలో నెంతవారలైనను ప్రయోగములో దప్పినచో దప్పినట్లే. ప్రయోగములను సంస్థవారు గుర్తించిన అధ్యయనకేంద్రములో జేయవలెను, రికార్డు వ్రాయవలెను, పరీక్షాధికారి యెదుట జేసి చూపవలెను. కేంబ్రిడ్జివారి పరీక్షల పద్ధతి వేఱు. పదవతరగతికి సరియైన పరీక్షలో ప్రయోగము చేయుటకు మాఱుగా, ప్రయోగమును గూర్చి కాగితముపై సమాధానములు వ్రాయు ప్రత్యామ్నాయ పత్రము కలదు. కాని పై తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములకు ప్రయోగశాలలో జేయు పరీక్ష తప్పదు. ఏ దారిని బోయినను చివరకు ప్రయోగశాల తలుపే యెదురగును.

వైద్యవిద్య గోరువారికి ఈ తలుపు మఱింత బరువైనది. 2018లో వైద్యమండలివారు సార్వత్రిక విద్యార్థులను వైద్యప్రవేశపరీక్షకు రానీయరాదని నిబంధన చేసిరి. ఆ యేటనే ఢిల్లీ హైకోర్టు దానిని గొట్టివేసెను. వివాదము సుప్రీంకోర్టునకు బోయి 2024లో సార్వత్రిక విద్యార్థుల కనుకూలముగా ముగిసెను. ఆ వార్త చదివిననాడు మా యింట పాయసము వండుకొంటిమి. కాని పాయసము చల్లారకముందే మావారొక మాట యనిరి: "కోర్టు తలుపు తీసినది సరే, ఈ పిల్ల యింతవఱకు పరీక్షనాళిక పట్టలేదే! వారి యనుమానము బొత్తిగా నబద్ధమని యెట్లనగలము?" ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. నిబంధన యన్యాయము కావచ్చును గాని, నిబంధన వెనుకనున్న యనుమానమున కాధారము మావంటివారి యిండ్లలోనే యున్నది.

మా ప్రాంతపు విచిత్రమును గూడ జెప్పవలెను. దీపము క్రింద చీకటి యను సామెత మాకొఱకే పుట్టినదా యనిపించును. 1997లో హెపటైటిస్-బి వ్యాధికి స్వదేశీయముగా జన్యుశాస్త్రపద్ధతిని టీకా చేసి, దానిని సామాన్యులకు గూడ నందునట్లు చేసిన శాంతా బయోటెక్నిక్సు మా మేడ్చలుదే. శామీర్‌పేట దాటి తుర్కపల్లివైపు బోయిన జీనోమ్ వ్యాలీ. 2021 జనవరిలో అనుమతి పొందిన కోవాక్సిను టీకా అచ్చటిది. జవహర్‌నగరులో 2008లో వెలసిన బిట్సు విద్యాలయము. లోకమంతటి బిడ్డలకు టీకాలు చేసి పంపు ప్రయోగశాలలు మా యింటిమిద్దె యెక్కిన దూరమున దీపములతో మెఱయుచుండును. ఆ దీపముల వెలుతురులో గూర్చున్న బాలిక కొక పిపెట్టు పట్టుకొను చోటు లేదు.

2024 వేసవిలో మేము ఇంటిలోనే చిన్న ప్రయోగశాల యొకటి యేర్పఱచుకొంటిమి. వెనుకటి వసారాలో నొక బల్ల, కొన్ని గాజుపాత్రలు, ఒక కుంభాకార కటకము, మీటరుబద్ద, బ్యాటరీలు, తీగలు, పాతదే యైనను మంచి సూక్ష్మదర్శిని యొకటి. ఇట్టి సామగ్రితో నెంత నేర్వవచ్చునో అనుభవించిననాడు గాని మాకు దెలియలేదు. పసుపునీటిలో సున్నపుతేట వేసిన నెఱ్ఱనగును, నిమ్మరసము వేసిన మరల పచ్చనగును. మందారపూల రసము ఆమ్లమున నొకరంగు, క్షారమున వేఱొకరంగు. ఇవి మన వంటయింటి సూచకములు. ఉల్లిపొర నద్దములమధ్య నుంచి చూచిన జీవకణములు ఇటుకగోడవలె గనబడును. కిటికీకెదురుగా కటకము నుంచి గోడమీద చెట్టు ప్రతిబింబమును తలక్రిందుగా బట్టి కటకనాభ్యంతరమును గొలుచుట పదినిమిషముల పని.

అన్నిటికన్న మా యమ్మాయికి లఘులోలకము నచ్చెను. మూడు సెంటీమీటర్ల వ్యాసముగల యినుపగుండును దారముతో దూలమునకు వ్రేలాడదీసి, దారము నూఱు సెంటీమీటర్లుండునట్లు కొలిచి, ఇరువది డోలనములకు బట్టు కాలమును లెక్కించెను. నలుబదిన్నర సెకనులు. దానినిబట్టి గురుత్వత్వరణము లెక్కగట్టగా సెకనుకు సెకనుకు 963 సెంటీమీటర్లు వచ్చెను. పుస్తకములలో 980 అని యున్నది. తాను చేసినది తప్పని చిన్నబోయి, ఆ కాగితమును మడచి పుస్తకములో దాచెను. మేమును దాని సంగతి మఱచితిమి.

ఇంటి ప్రయోగశాలకు హద్దు లున్నవని గూడ ద్వరలోనే తెలిసెను. లవణవిశ్లేషణకు గాఢామ్లములు కావలెను. 2013లో సుప్రీంకోర్టు ఆమ్లముల విక్రయమును గట్టుదిట్టము చేసినది. కొనువారు గుర్తింపుపత్రము చూపవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారి కమ్మరాదు. ఎందఱో యాడుబిడ్డల ముఖములు కాలినపిమ్మట వచ్చిన కట్టడి యది; దానిని దాటుటకు మేము దారులు వెదకలేదు. పొగలు వెడలిపోవుటకు గొట్టము లేని వసారాలో సల్ఫ్యూరికామ్లమును గాచుట పిచ్చిపని. సున్నితపు త్రాసు, ప్రమాణద్రావణములు, మంటనార్పు సాధనము, అన్నిటికన్న ముఖ్యముగా ప్రక్కన నిలిచి "ఆగుము" అనగల యనుభవశాలి — ఇవి యింట నమరవు. ఆన్‌లైన్ ల్యాబ్సు మొదలగు వానిలో తెరమీద ప్రయోగములు చేయవచ్చును. ప్రయోగక్రమము తెలియుట కవి మేలైనవే, మేమును వాడితిమి. కాని తెరమీది బ్యూరెట్టు కారదు, తెరమీది గాజు పగులదు, తెరమీది చేయి వణకదు. ఈతను గూర్చి యెంత చదివినను చెఱువులో దిగనివానికి ఈత రాదు గదా.

అట్టి సమయమున నధ్యయనకేంద్రమునకు బోయితిమి. దాని పేరు చెప్పము. అది యొక్కటే యట్టిదని చెప్పుట న్యాయముగాదు గనుక. అచ్చటి గుమాస్తా యెంతో మర్యాదస్థుడు. "అమ్మగారూ, పాపను ప్రతివారము ఇంతదూరము త్రిప్పనేల? రికార్డు మాయొద్ద సిద్ధముగా నున్నది. పేరు వ్రాసుకొని, పరీక్షనాడు వచ్చి కూర్చుండిన చాలును. ఇరువదికి పదునెనిమిది మార్కులకు దగ్గవు" అనెను. వెల గూడ జెప్పెను. మేము బేరమాడలేదు. సొమ్ము చెల్లించి పుస్తకమును సంచిలో బెట్టుకొని వచ్చితిమి. ఇందు మా తప్పును దాచుకొనుటకు వీలులేదు. ఆ క్షణమున మాకు గలిగినది సిగ్గు గాదు. హమ్మయ్య యను ఊఱట.

ఆ రికార్డులో మూడవ ప్రయోగము లఘులోలకము. అందు గురుత్వత్వరణము సరిగా 980. మా యమ్మాయి తాను దాచుకొన్న కాగితమును దీసి ప్రక్కన బెట్టెను. "నాకు 963 వచ్చినది. వీరికి 980 ఎట్లు వచ్చినది? దీనిలోని యంకె లెవరివి?" అనెను.

ఎవరివని చెప్పుదుము? అవి యెవ్వరివియు గావు. ఒక సంవత్సరపు విద్యార్థి వేఱొక సంవత్సరపు విద్యార్థినుండి యెత్తివ్రాయగా, అతడు మఱియొకనినుండి యెత్తివ్రాయగా, తరతరములుగా వచ్చిన పిత్రార్జితమది. మేమును బి.యస్సీ. చదివినవారమే. మా కాలమున మేమును సీనియర్ల రికార్డులనుండి పట్టికలు దింపుకొంటిమి. కావలసిన జవాబు ముందు వ్రాసి దానికి దగిన కొలతలను వెనుకకు లెక్కగట్టుటలో మేము కడు నేర్పరులము. ఇంటిచదువులో మాత్రమే యీ దోషమున్నదనుకొనుట పొరపాటు. గొప్ప భవనములుగల కళాశాలలలోను ప్రవేశపరీక్షల గొడవలో ప్రయోగశాల తాళము పరీక్షకు ముందు కొద్దిదినములు మాత్రమే తెరచుట లోకమెఱిగిన సంగతి. కళాశాలకు బోవువాడు ప్రయోగము చేసినవాడనియు, ఇంటివద్ద చదువువాడు చేయనివాడనియు నిబంధన భావించును. నిజమునకు చేయనివా రిరుప్రక్కలను గలరు.

ఆ రాత్రి తల్లియు గూతురును లోలకమును మరల వ్రేలాడదీసితిమి. ఒకగంటకు తప్పు చిక్కెను. లోలకపు పొడవును దారము చివరవఱకు గాక గుండు నడిమివఱకు గొలువవలెను. గుండు వ్యాసములో సగము, ఒకటిన్నర సెంటీమీటరు, ఆమె కలుపలేదు. కలిపి చూడగా 977 వచ్చెను. ఆ బాలిక ముఖమున నప్పుడు మేము చూచిన సంతోషమును అమ్ముడురికార్డు నూఱుపుటలును ఇయ్యజాలవు. తప్పుతో మొదలిడి తప్పునకు గారణము కనుగొనుటయే శాస్త్రము. తప్పులేని పట్టిక తప్పును మాత్రమే కాక, కారణమును వెదకు నవకాశమును గూడ మింగివేయును. ఆ పుస్తకమును అటకమీద బాఱవైచితిమి.

లోకములో బ్రయోగశాలా విద్య యెట్లు పుట్టినదో తలచికొనిన నిది స్పష్టమగును. పూర్వము ఆచార్యుడు వేదికపై ప్రయోగము చేయుచుండగా విద్యార్థులు దూరమునుండి చూచెడివారు. 1824లో జర్మనీయందలి గీసెన్ నగరమున ఆచార్యుడైన లీబిగ్ పండితుడు విద్యార్థులచేతనే ప్రయోగములు చేయించు పద్ధతిని బలపఱచెను; అది క్రమముగా దేశదేశముల వ్యాపించెను. పుస్తకములు కుట్టు దుకాణములో బనినేర్చుకొనుచు చదివిన మైకేల్ ఫారడే కథను పిల్లలకు మనము స్వయంకృషికి దృష్టాంతముగా జెప్పుదుము. కాని కథలో సగమే చెప్పుదుము. 1813లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనువారు ఆయనను సహాయకునిగా జేర్చుకొని ప్రయోగశాల తలుపు తెరచిరి. ఆ తలుపు తెరువకున్నచో ఫారడే మంచి చదువరిగా మాత్రమే మిగిలియుండునేమో.

మాకును ఒక తలుపు తెరచుకొన్నది. ఉద్యోగము విరమించిన రసాయనశాస్త్రోపాధ్యాయుని యొకరిని బ్రతిమాలగా, ఆయన తనకు బరిచయమున్న యొక చిన్న కళాశాలవారితో మాటలాడి, ఆదివారములు వారి ప్రయోగశాలను వాడుకొనుటకు, వాడిన రసాయనముల ఖర్చు మేమిచ్చుకొను నొడంబడికమీద, సమ్మతింపజేసిరి. మేడ్చలులోను శామీర్‌పేటలోను ఇంటివద్దనే చదువుచున్న మఱి నలుగురు బాలబాలికలు గూడ గలిసిరి. పదునాలుగు ఆదివారములు నడచినది. మొదటినాడు ఆయన వారిచేత నేమియు జేయింపలేదు. కండ్లద్దములు పెట్టుకొనుట, జుట్టు ముడుచుట, చున్నీ కట్టుకొనుట, నీటిలో నామ్లమును గలుపవలెనే గాని యామ్లములో నీటిని బోయరాదనుట, పిపెట్టును నోటితో బీల్చక రబ్బరుబుడ్డితో బీల్చుట — ఇంతటితో పాఠము ముగిసెను.

రెండవ ఆదివారము మా యమ్మాయి ఆగ్జాలికామ్ల ద్రావణము 20 మిల్లీలీటర్లు గాజుకుప్పెలో దీసికొని, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్టునుండి క్షారమును విడువసాగెను. లేతగులాబిరంగు కొఱకు చూచుచుండగనే చేయి జాఱి ముదురురంగయ్యెను. 21.4 అని వచ్చెను. కొట్టివేయబోగా నుపాధ్యాయుడు వారించి, "అదియు నీదే, ఉండనిమ్ము" అనిరి. తరువాత 20.1, మఱియు నొకమాఱు 20.1. ఆ పట్టికలో 21.4 అట్లే నిలిచినది.

2025 ప్రయోగపరీక్షలో మా యమ్మాయి తన రికార్డునే యిచ్చెను. అందు కొట్టివేతలున్నవి, సిరామరకలున్నవి, ఒకచో నామ్లము చిందిన చిల్లు గూడ నున్నది. పరీక్షాధికారి 21.4 చూపి కారణమడిగినప్పుడు, "నా చేయి తొందరపడినది" అని చెప్పెనట. భౌతికశాస్త్రములో 15, రసాయనములో 16 వచ్చినవి. పదునెనిమిది రాలేదు. ఇప్పుడామె యొక కళాశాలలో బి.యస్సీ. చదువుచున్నది. తక్కువైన మార్కుల వలన ఆమె కోరిన మొదటి కళాశాలలో చోటు దొరకలేదనుటయు నిజమే. ఆ మాట దాచి ధర్మోపన్యాసము చేయుట మాకిష్టము లేదు. దొంగరికార్డునకు మార్కులెక్కువ యిచ్చు లోకములో నిజమైన రికార్డునకు గొంత వెల చెల్లింపవలసియుండును. మేము చెల్లించితిమి. మా యమ్మాయి యింతవఱకు దానికి విచారింపలేదు. మేమప్పుడప్పుడు విచారించుచునే యున్నాము.

వెల తగ్గించుట మాత్రము సంఘము చేతిలోనున్నది. 2016 మొదలు దేశమందలి పాఠశాలలలో ప్రభుత్వధనముతో అటల్ ప్రయోగశాలలు వెలయుచున్నవి. ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వఱకు గ్రాంటు. ప్రభుత్వ జూనియరు కళాశాలలలో బల్లలు, గాజుసామగ్రి యున్నవి. ఇవి ఆదివారములును సెలవులును తాళముక్రింద నుండనేల? స్వల్పరుసుముతో, ఒక యుపాధ్యాయుని పర్యవేక్షణలో, బడిలో పేరులేని విద్యార్థులకు దెరచినచో దారిద్ర్యముచేతనో, రోగముచేతనో, ఇంటి కట్టుబాట్లచేతనో దూరమైనవారికి గూడ శాస్త్ర మందును. ఇన్నిగంటల ప్రయోగములు చేసినట్లు అట్టి కేంద్రము ధ్రువపఱచినచో ఇంటర్మీడియట్ బోర్డువారు ప్రయివేటు విద్యార్థులను శాస్త్రవిషయములలో గూడ గూర్చుండనీయవచ్చును. మా జీనోమ్ వ్యాలీలోని సంస్థలు తమ ముంగిటి గ్రామములలో నొక్క సామాన్య ప్రయోగశాలను బోషించుట వానికి బరువు గాదు. మేము ఇదివఱకే మా మండలపు పెద్దలకును, ఒకటి రెండు సంస్థలకును విన్నపములు వ్రాసితిమి. ప్రత్యుత్తరములు రావలసియున్నవి.

ఈలోపల తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ఇంటిచదువు మొదలిడు నాడే ప్రయోగశాల యెచ్చటనో విచారింపుడు. పదునొకండవ తరగతి ముగిసినపిమ్మట వెదకిన మావలెనే తొట్రుపడుదురు. నలుగురు కుటుంబములవారు కలిసిన నొక తలుపు తట్టుట సులభము. అమ్ముడురికార్డు మీ చేతికి వచ్చినప్పుడు, దానిని దెరచి మీ బిడ్డ మిమ్మడుగకముందే మీరే ప్రశ్నించుకొనుడు: ఈ యంకె లెవరివి?

మా వసారాలోని బల్ల యిప్పుడును అట్లే యున్నది. మా పెద్దయాడుబిడ్డ మనుమరాలు పదవతరగతికి వచ్చినది. పోయిన సంక్రాంతికి వచ్చి, దూలమునకు వ్రేలాడుచున్న గుండు నూపి, "ఇది యేమి?" అని యడిగెను. పెద్దయాడుబిడ్డ తానే దారము పట్టి చూపించుచు, "మొదట గుండు నడిమికి కొలువవలెనే!" అనుచుండగా మేము వంటయింటినుండి వింటిమి.